సొరకాయ కోతలు

ప్రొఫెసరుగారు తాళాల చరిత్ర మీద పుస్తకం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఆ పుస్తకం గురించి ఆవిడ చెప్పిన మాటలన్నీ పోగేస్తే ఇంకో పుస్తకమయ్యేది. "వచ్చే సెలవులకల్లా అయిపోతుంది చూడండి" అన్నప్పుడల్లా పళ్ళ డాక్టరైన భర్త, "సొరకాయలు కోసింది చాలు, భోజనానికి రా" అనేవాడు. ఆ మాటకు ఉడుక్కుని ఈ వేసవిలో ఆవిడ పెరట్లో నిజంగానే సొరపాదు పెట్టింది.

అంతకుముందు ఒక మొక్క నాటిన పాపాన పోలేదు. అయినా పాదు బ్రహ్మాండంగా ఎక్కింది. పందిరంతా అల్లుకుని, బట్టల తాడు పట్టుకుని, పక్కింటి గోడ మీదికి తల పెట్టింది. తెల్లపూలు పూస్తున్నాయి, రాలుతున్నాయి. పిందె మాత్రం లేదు.

పక్కింటి మాస్టారు యూనివర్సిటీలో ఆవిడ శాఖలోనే పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన పెరడు చూస్తే ఎవరికైనా కన్నుకుడుతుంది. రోజూ సాయంత్రం గోడ దగ్గర నిలబడి, "తీగ బాగానే సాగిందమ్మా, కాయ ఎప్పుడో మరి! ఆ కొస తుంచెయ్యి. పక్క కొమ్మలు వస్తాయి, పిందెలు వాటికే" అనేవాడు.

"ఇంత ముచ్చటగా పాకుతుంటే చేతులెలా వస్తాయి మాస్టారూ!" అనేది ఆవిడ.

సరిగ్గా అప్పుడే పుస్తకం మీద అభిప్రాయం వచ్చింది. ఆవిడ వేసవికి ముందు పంపిన రాతప్రతిని ప్రచురణ సంస్థవాళ్ళు ఎవరో పండితుడికి చూపించారు. ఆ పండితుడెవరో చెప్పరు, అది వాళ్ళ పద్ధతి. మూడు పేజీల మర్యాద తర్వాత చివర రెండే రెండు మాటలున్నాయి: "తీగ బాగా సాగింది. కాయ ఎక్కడ?" మొదటి అధ్యాయం తగ్గించి, యూనివర్సిటీ తెరిచేలోగా పంపకపోతే పుస్తకం ఇక వెయ్యలేమని సంస్థవాళ్ళు కింద చేర్చారు.

మొదటి అధ్యాయం పేరు 'తలుపు అంటే ఏమిటి?' నలభై పేజీలు. అందులో తాళమన్నది మచ్చుకైనా కనబడదు. ఆవిడకు అదంటే పంచప్రాణాలు. ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు. పదకొండేళ్ళ చాకిరీ రెండు మాటల్లో తేల్చేశారని ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కాస్త తగ్గాక అనుమానమొచ్చింది. తీగ, కాయ అంటూ మాట్లాడే పండితుడు గోడవతల ఉండగా వేరే ఊళ్ళో వెతకడమెందుకు?

ఆ సాయంత్రం నుంచి ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళడం మానేసింది. మాస్టారి వైపు పాకిన తీగను దోటీతో లాగి, ఇటు తిప్పి తాడుతో కట్టింది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని ఆయన అడిగితే, "బాగానే ఉంది, కాయలే లేవు" అని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, మాస్టారికి తలా తోకా తెలియలేదు.

డాక్టరుగారు ఆ వేసవిలో ప్రతి ఆదివారం షికారు పెట్టాడు. షరతు ఒక్కటే, దారిలో తాళం అన్న మాట వినబడకూడదు. మొదటి ఆదివారమే "కారు తాళాలెక్కడ?" అని తానే అడిగి, ముప్పావుగంట ఉపన్యాసం విన్నాడు. చెరువు షికారు నాడు, భార్యకి చెప్పకుండా మాస్టారినీ కారెక్కించాడు.

బాతు ఆకారంలో ఉన్న తొక్కుడు పడవ. ముందు మొగుడూపెళ్ళాలు తొక్కుతున్నారు, వెనక లైఫ్ జాకెట్టులో మాస్టారు బిగుసుకుని కూర్చున్నాడు. చెరువు మధ్యకు వచ్చాక ప్రొఫెసరుగారు తొక్కడం ఆపేసింది. ఇక్కడైతే ఎవరూ లేచి వెళ్ళిపోలేరు.

"మాస్టారూ, నిజం చెప్పండి. కాయ ఎక్కడ అని రాసింది మీరే కదూ?"

"ఎక్కడ రాశానమ్మా?"

ఆవిడ సంచిలోంచి కాగితం తీసి చేతిలో పెట్టింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. తర్వాత బాతు ఊగిపోయేలా నవ్వాడు.

"ఈ మాట నాది కాదు తల్లీ, నీదే! ఇరవయ్యేళ్ళు నీ దగ్గర పరిశోధన చేసిన పిల్లల థీసిస్‌ల అంచుల్లో ఎర్రసిరాతో నువ్వు రాసిందే ఇది. ఏడ్చుకుంటూ తెచ్చి నాకు చూపించేవాళ్ళు. ఒకమ్మాయైతే నా రుమాలు కూడా పట్టుకుపోయింది."

"నేనా?"

"నువ్వే. మొక్క మొహం చూడకుండా రాశావు చూడు, అదీ విశేషం."

"పెళ్ళికి ముందు నేను రాసిన ఏడు పేజీల ఉత్తరానికి కూడా ఇదే జవాబు మాస్టారూ," అన్నాడు డాక్టరు, ఒక్కడే తొక్కలేక రొప్పుతూ. "దెబ్బకి ఎనిమిదో పేజీలో పెళ్ళి మాట అడిగేశాను."

ప్రొఫెసరుగారు నవ్వలేకపోయింది. అంటే ఆ పండితుడు తన పిల్లల్లోనే ఎవరో. ఆ ప్రశ్న చదివి ఈ వయసులో తనకే ముద్ద దిగకపోతే, ఇరవై అయిదేళ్ళ పిల్లలు ఏమైపోయి ఉంటారు? సిగ్గేసింది. అంతలోనే, మొహమాటపడకుండా తనకే ఆ మాట చెప్పగల మనిషిని తయారుచేశానన్న గర్వమూ కలిగింది.

"క్షమించండి మాస్టారూ. తీగను కూడా మీ వైపు రాకుండా కట్టేశాను."

"తెలుసమ్మా. కట్టింది చాలు, ఇక తుంచు."

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని కొస తుంచింది. ఆ ఊపులోనే గదిలోకి వచ్చి నలభై పేజీల తలుపును రెండు పేజీలు చేసింది. మూడో పేజీలో మొదటి తాళం వచ్చేసింది. చదివి చూసుకుంటే, ఆ ముప్పై ఎనిమిది పేజీలూ ఎప్పుడైనా ఉన్నాయన్న సంగతే తెలియలేదు. అది మరీ బాధనిపించింది. పాదుకు పక్క కొమ్మలొచ్చాయి, పిందెలూ దిగాయి. సెలవులు ముగియడానికి పది రోజుల ముందు పుస్తకం వెళ్ళింది.

యూనివర్సిటీ తెరిచిన వారానికి కవరొచ్చింది. ఈసారి మూడు పేజీల మర్యాద లేదు. ఒక్క వాక్యమే ఉంది: "కాయ కనబడింది. ఇక కోయవచ్చు."

ఈ మాట కూడా ఆవిడదే. ఇరవయ్యేళ్ళలో నలుగురికే రాసింది. ఆ నలుగురిలో ఎవరో పోల్చుకుందామని వేళ్ళు ముడిచింది కానీ, రెండో వేలు దగ్గరే ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, కాగితం కనబడడం లేదు.

భర్త కంగారుగా వచ్చి కాగితం లాక్కుని చదివాడు. రెండుసార్లు చదివాడు. వంటింట్లోకి వెళ్ళి చాకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, పందిరి కిందికి నడిపించాడు.

"ఇన్నేళ్ళూ ఉత్తుత్తివే కోశావు. ఇది కోయి."

ఆవిడ ముక్కు తుడుచుకుని, గోడ వైపు కేక వేసింది. "మాస్టారూ, ఓసారి రండి. సొరకాయ కోస్తున్నాను!"

"మళ్ళీనా?" అన్నాడు మాస్టారు గోడవతల నుంచి.