నెత్తుట్లో బిడ్డ

నిరోష మోచేతి మడతను విజయకుమారి రెండు వేళ్లతో తడిమి సూది గుచ్చింది. ముదురెరుపు నెత్తురు గొట్టంలోకి పాకింది. ముప్పై ఒక్కేళ్లుగా ఆత్మకూరులోని ఆ ల్యాబులో ఆమె పని ఇదే. స్పిరిట్‌తో వేళ్ల కొసలు తెల్లబారాయి. నరం కంటికి కనపడకపోయినా ఆ వేళ్లకు తెలిసేది.

నిరోషకు పదకొండో వారం. మొదటి బిడ్డ క్రోమోజోముల లోపంతో పుట్టి తొమ్మిది రోజులే బతికింది. అందుకే ఈసారి డాక్టరమ్మ ఈ పరీక్ష రాసింది. అత్త చెంచులక్ష్మి ఉదయగిరి నుంచి మొదటి బస్సుకే కోడల్ని తీసుకొచ్చింది.

"బిడ్డ కడుపులో ఉంటే చేతిలో నెత్తురు తీస్తే ఏం తెలస్తాది?" అంది చెంచులక్ష్మి.

"బిడ్డ డీఎన్ఏవి సన్న సన్న తునకలు తల్లి నెత్తుట్లో తిరగతా ఉంటాయక్కా. వాటిని చూసి లోపముందేమో చెప్తారు."

"ఆడో మగో చెప్తారా?"

"అది చెప్పరు. చెప్పకూడదు."

నిరోష గొట్టం వంక చూసింది. "అయితే ఇందులో నా బిడ్డ ఉండాదా మేడమ్?"

"కొంచెం ఉండాది."

ఆ అమ్మాయి చెయ్యి చాచి, ఇంకా వెచ్చగా ఉన్న గొట్టాన్ని ఒక్క వేలితో తాకింది. విజయకుమారి వారించలేదు.

మధ్యాహ్నం గొట్టం నెల్లూరుకు వెళ్లిపోయాక, టీ తాగుతూ డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. కాన్పయ్యాక ఆ తునకలు పోతాయట. బిడ్డ కణాలు కొన్ని మాత్రం ఏళ్ల తరబడి తల్లి ఒంట్లోనే ఉండిపోవచ్చట.

"బిడ్డ దక్కకపోయినా?" అడిగింది విజయకుమారి.

"దక్కకపోయినా."

ఇరవై ఎనిమిదేళ్ల కిందట, ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు విజయకుమారికి కొడుకు పోయాడు. ముఖమైనా చూపించకుండా తీసుకెళ్లారు. మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇన్ని వేల చేతులు పట్టుకున్న మనిషి ఇప్పుడు తన మణికట్టు తనే పట్టుకుంది. నాడి కొట్టుకుంటోంది. చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం ఉదయగిరిలోని తన ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఉదయగిరి కొండ మీద కోట గోడలకు ఇంకా ఎండ ఉండగానే బస్సు ఆగింది. అందరూ దిగారు. నిద్రపోతోందనుకుని కండక్టరు రెండుసార్లు పిలిచాడు. గుండె ఆగి అప్పటికే కాసేపయిందని ఆస్పత్రిలో చెప్పారు.

పన్నెండో రోజున రిపోర్టు వచ్చింది. లోపం ఉండే అవకాశం చాలా తక్కువని రాశారు. ఆ మాట విజయకుమారికి చెప్పాలని నిరోష ల్యాబులోకి వచ్చింది. కుర్చీలో ఎవరో కొత్త అమ్మాయి ఉంది.

"మేడమ్ రాలేదా?"

"ఆమె చనిపోయినారు." ఆ అమ్మాయి రిపోర్టు మీది తేదీ చూసింది. "మీరు నెత్తురిచ్చిన రోజే."

నిరోష కడుపు మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తలుపు పక్కన, విజయకుమారి ల్యాబులో తొడుక్కునే నీలం రబ్బరు చెప్పులు, మడమల దగ్గర పలచగా అరిగినవి, లోపలివైపు తిరిగి జతగా ఉన్నాయి.