రాలని మాట

ప్రతి సోమవారం పొద్దున్నే కాలేజీ ఫోటో గది ఊడ్చేటప్పుడు ఆయమ్మ తిట్టుకునేది సెకండియర్ వాళ్లనే. మొదటి ఏడాది పిల్లలకి ఫోటోల కింద రాయడం ఇంకా రాదు. మూడో ఏడాది వాళ్లకి బుద్ధొచ్చేసి ఉంటుంది. మధ్యలో ఈ సెకండియర్ వాళ్లే నోటికొచ్చింది రాసేస్తారు. ఆ గదిలో తీసిన ప్రింటు మీద అబద్ధమైన మాట నిలవదు కదా, ఐదు నిమిషాల్లో ఎండిన రంగు పెచ్చులా ఊడి బల్ల కింద రాలిపడుతుంది. "ఒత్తులు గోళ్లల్లో గుచ్చుకుంటున్నాయి, కాస్త చూసి రాయండర్రా!" అంటూ ఆయమ్మ చేటెడు అక్షరాలు ఎత్తి బయట పారబోసేది.

ఆ సోమవారం చేటలో పడ్డవి ముప్పాతిక వంతు తికమక అనే సెకండియర్ పిల్లవే. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో ఉందిగానీ ఎవరూ పిలవరు. కుడివైపు తిరగమంటే "ఎవరి కుడి?" అని అడిగే రకం.

శుక్రవారం తికమక పెద్దాసుపత్రి ఓపీ హాల్లో ఒక ఫోటో తీసింది. గార్డు రెండు చేతులూ ఒక ముసలాయన ఛాతీకి ఎదురుగా ఉన్నాయి. ముసలాయన వెనక్కి ఒరిగిపోయాడు, నోరు తెరుచుకుంది, ఒక చెప్పు గాల్లో ఉంది. కెమెరాకి దొరికింది సెకనులో ఐదువందో వంతు. అబ్బ, ఏం పడిందిరా అనుకుంటూ, బస్సెక్కగానే క్లాసు గ్రూపులో పెట్టింది, "ఎలా ఉంది?" అని.

ఫోన్లో రాసిన మాటలు రాలవు. సాయంత్రానికల్లా ఎవరెవరో "ముసలాయన్ని చితకబాదిన గార్డు" అని తగిలించి ఊరంతా తిప్పేశారు. శనివారం గార్డుని డ్యూటీ నుంచి ఆపేశారు. మంగళవారం పదింటికి విచారణ. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ కాలేజీకి కబురు పెట్టింది: ఆ ఫోటో ప్రింటు, కింద నిలిచిన రాతతో సహా, పంపండి అని.

తికమక ప్రింటు తీసి "ముసలాయన్ని తోస్తున్న గార్డు" అని రాసింది. 'తోస్తున్న' రాలిపోయింది. హమ్మయ్య, తొయ్యడం లేదన్నమాట, ఉద్యోగం నిలిచిందిలే అని పొంగిపోయి అక్కడ 'పట్టుకుంటున్న' అని రాసింది. అదీ రాలింది.

"మాస్టారూ, తొయ్యడమూ కాదు, పట్టుకోవడమూ కాదు. మరి ఆ చేతులు ఏం చేస్తున్నట్టండీ?"

ఫోటో మాస్టారు ముప్పై ఏళ్లు పేపర్లో పనిచేసి వచ్చినాయన. "నన్నడుగుతావేం? అక్కడున్నది నువ్వు."

"ఉన్నానుగానీ..."

"గానీ?"

"నొక్కగానే తల దించి కెమెరాలో చూసుకున్నానండీ. ఎలా వచ్చిందా అని. తల ఎత్తేసరికి జనం మూగేశారు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపమొస్తే ఆయన చేసేది అదే. "ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. మొదటి రోజు చెప్పిన పాఠం. ఐదూ అడిగాక కదా రాయాలి? వెళ్లి ఆ మనిషినే అడుగు."

గార్డు ఇల్లు ఒక టైలరు షాపు పైన రెండు గదులు. డ్యూటీ లేకపోయినా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తలుపు తీసిన భార్య తికమక మెడలో కెమెరా చూసి అడ్డంగా నిలబడింది.

"నువ్వేనా తల్లీ, మా కొంప ముంచింది?"

"నేనేనండీ," అంది తికమక.

"అయితే నువ్వే ఒడ్డెక్కించు. పట్టుకున్నాడని రాయి. నీకు పుణ్యముంటుంది."

"రాశానండీ. రాలిపోయింది."

ఆవిడ గడపలోనే కూలబడింది. గార్డు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు.

"రాలక ఏం చేస్తుంది? పొద్దున్న ఆరింటి నుంచీ నిలబడి ఉన్నాను. ఆయన లైను మధ్యలో దూరాడు. మూడుసార్లు చెప్పాను. తోశాను."

"ఏమయ్యా, నీకేమైనా మతిపోయిందా?" అంది భార్య.

"తోశానే. తోశాక తెలిసింది, మనిషిలో బరువే లేదని. తీగ మీద చొక్కా ఊగినట్టు వెనక్కి వెళ్లిపోయాడు. గుండె ఆగిపోయింది నాకు. ఎగిరి పట్టుకున్నాను, తల నేలకి తగలకుండా." ప్రింటు అందుకుని కిటికీ దగ్గర పెట్టి చూశాడు. "చూడమ్మా, ఇందులో నా చేతులు ఆయన్ని తాకడం లేదు. తోసేశాను. ఇంకా పట్టుకోలేదు."

నిజమే. చేతులకీ చొక్కాకీ మధ్య సన్నటి వెలుగు గీత ఉంది. మూడు రోజులుగా చూస్తూ కూడా తికమక దాన్ని చూడలేదు. బుర్ర గిర్రున తిరిగింది.

"ఇంతకీ మీరు మంచివాళ్లా, చెడ్డవాళ్లా?" అనేసి నాలుక కరుచుకుంది.

"శుక్రవారం నుంచీ నాకూ అదే తెలియడం లేదు."

"తోశారని రాస్తే ఉద్యోగం పోతుందేమోనండీ."

"పోవచ్చు. జరిగింది రాయి."

మంగళవారం పొద్దున్నే తికమక రాసింది. "శుక్రవారం పదకొండింటికి, ఆసుపత్రి ఓపీ హాల్లో, లైనులో దూరిన ముసలాయన్ని అలిసిపోయిన గార్డు తోశాడు, పడిపోతుంటే పట్టుకున్నాడు. ఈ ఫోటో ఆ రెంటికీ మధ్యది. పట్టుకోవడం ఫోటో తీసినామె చూడలేదు. ఆమె తల దించుకుని తన ఫోటో చూసుకుంటోంది."

చీపురు పట్టుకుని కాచుకున్న ఆయమ్మ పావుగంట చూసి, "ఇవాళ నాకు పని లేదన్నమాట," అని వెళ్లిపోయింది.

తికమక ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాక, విచారణలో పెద్ద డాక్టరమ్మ ఆ రాతని రెండుసార్లు చదివి, గోరుతో గీకి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చున్న ముసలాయన వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"తోసింది గుర్తుంది. వీపు కింద రెండు చేతులూ గుర్తున్నాయి. రెండూ ఒకడివే అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు," అన్నాడాయన.

డాక్టరమ్మ పెన్ను తీసి ప్రింటు అంచు మీద తన తీర్పు రాసింది: "రోగిపై దాడి చేసినందున ఉద్యోగం నుంచి తొలగింపు." అందరూ ఎదురుచూశారు. 'దాడి' రాలి ఆవిడ టీ కప్పులో పడింది. కారణమే లేని ఆర్డరు మీద సంతకం ఎలా పెడుతుంది? నిట్టూర్చి, మిగిలింది కొట్టేసి, కింద మళ్లీ రాసింది: "తోసినందుకు పది రోజులు డ్యూటీ లేదు. పట్టుకున్నందుకు ఉద్యోగం పోదు."

ఐదు నిమిషాలు గడిచాయి. ఆరో నిమిషమూ గడిచింది. ఒక్క ఒత్తు కూడా కదల్లేదు. గార్డు భార్య కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది.

బయట మెట్ల దగ్గర ముసలాయన ఆగాడు. గార్డు పక్కనే ఉన్నాడుగానీ, ముట్టుకోవడానికి భయపడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"చూస్తావేమయ్యా, చెయ్యివ్వు," అన్నాడు ముసలాయన.

తికమక కెమెరా ఎత్తి నొక్కింది. తల మాత్రం దించలేదు. పదకొండు మెట్లూ దిగేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. ఏడో మెట్టు మీద ఇద్దరూ ఆగి ఏదో మాటామాటా అనుకున్నారు, గార్డు ముఖం ఎర్రబడింది, మళ్లీ దిగారు. పోట్లాటో, పరాచికమో, ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

పరుగెత్తుకుంటూ కిందికి వెళ్లింది.

"తాతగారూ, ఆ ఏడో మెట్టు మీద ఏమనుకున్నారు?"

"నీకెందుకమ్మా?"

"ఫోటో కింద రాయాలండీ," అంది తికమక.