పలకని మెకానిక్

కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల ఒక టీచరమ్మ ఒంటరిగా చిక్కుకుపోయింది. మేడ మీది మోటారు గదిలో మెకానిక్ ఒక చేత్తో బ్రేకు లాగి పట్టుకుని, లిఫ్టుని దించడానికి రెండో చేత్తో చక్రం తిప్పుతున్నాడు. లిఫ్టు అంతస్తుకి చేరిందని తెలిపే తాడు మీది గుర్తు కనబడాలని టార్చిని పళ్ల మధ్య కరిచిపట్టాడు.

"బాబూ, ఉన్నావా?" అని కింది నుంచి కేక వినిపించింది.

నోరు తెరిస్తే టార్చి పడిపోతుంది. అతను పలకలేదు.

"ఊపిరాడట్లేదయ్యా! పలకవేం? వెళ్లిపోయావా?" ఆమె తలుపు బాదుతోంది.

చెమట పట్టిన చేతిలోంచి చక్రం జారింది. ఒడిసిపట్టి, అంగుళం అంగుళం చొప్పున దించాడు. గుర్తు సరిపోగానే పరుగున వెళ్లి తలుపు తెరిచాడు.

ఆమె గబగబా బయటికొచ్చింది. "అంతగా పిలిస్తే ఒక్క మాటైనా అనవేం? నన్ను గాలికొదిలేశావనుకున్నా!"

"నోట్లో టార్చి ఉందమ్మా. రెండు చేతులూ మీ పనిలోనే ఉన్నాయి."

అన్నాక, ఆ మాట అతనికే గుచ్చుకుంది. తన పాప జబ్బు గురించి ఎంత మొరపెట్టుకున్నా ప్రభువు పలకలేదని, ఆర్నెల్లుగా అతను ప్రార్థనకి మోకాళ్లు వంచలేదు. పలకనంత మాత్రాన వదిలేసినట్టేనా?

మెట్ల మీద కూలబడి భార్యకి ఫోన్ చేశాడు. "ఇవాళ ప్రార్థనకి నేనొచ్చేదాకా ఆగుతావా?"



"పాపకి చెప్పనా?" అంది భార్య.

"చెప్పు. బయల్దేరుతున్నా."