పోయినవాళ్ళు కదిలే తెర

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా వేణుగోపాల్ శెట్టి జిరాక్సు అంగడి ఉంది. దాని వసారాలో ప్రసూన పొద్దున్నే వచ్చి బల్ల వేసుకుంటుంది. ముందు బల్ల తుడుస్తుంది. ఆ ఊళ్ళో దుమ్ము తుడవడమంటే కొత్త దుమ్ముకు చోటు చేయడమే, అయినా తుడుస్తుంది. తర్వాత సంచిలోంచి పలక లాంటి తెర తీసి నిలబెట్టి, ఒక వైరు ఫోనుకు, ఇంకో వైరు పవర్ బ్యాంకుకు తగిలిస్తుంది. ఫోనులో ఉన్నదంతా తెర మీద పెద్దగా పరుచుకుంటుంది. కంప్యూటర్ లేదు, మౌస్ లేదు. వేలితో తాకి పని చేసుకోవడమే.

ఆ తెర ఆమె పెదనాన్న కొడుకు కిరణ్‌ది. కరోనా కాలంలో బెంగళూరు నుంచి ఇంటికొచ్చి, దాన్నే ముందు పెట్టుకుని ఉద్యోగం చేశాడు. తిరిగి పోయేటప్పుడు చెల్లెలి చేతిలో పెట్టి, "యా వైరు పడితే ఆ వైరు పెడితే బొమ్మ రాదు మ్మా, ఈ లావు వైరే పెట్టల్ల" అని ఒక్క ముక్క చెప్పాడు. ప్రసూన చదువంతా ఆ ఒక్క ముక్కే.

పెద్ద పనులేమీ కావు. పెళ్ళి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల్లో నాయకుని తల ఇంత, ఆయన వెంట తిరిగేవాళ్ళ తలలు అంత అని లెక్కుంటుంది. ఆ లెక్క తప్పిందంటే అభినందనలు కాస్తా కొట్లాటలో తేలతాయి. అన్నింటికంటే ఎక్కువ వచ్చేవి మాత్రం దినాల పటాలు. ఆ పక్క పల్లెల్లో మనుషులు పనిగట్టుకుని ఫోటో దిగరు. పోయాక చూస్తే ఆధార్ కార్డులోనో, ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలోనో మొహం దొరుకుతుంది. ప్రసూన ఆ మొహాన్ని కత్తిరించి తీసి, మాసిన బనియను మీద తెల్ల చొక్కా తొడిగి, వెనక నీలిరంగు వేసి, మెడలో దండ వేసి పంపాలి.

ఇబ్బందల్లా ఒకటే. పోయినవాళ్ళు కుదురుగా ఉండరు. తెర మీద ఎవరి వేలు తగిలినా చాలు, తల తిప్పుతారు, రెప్పలు కొడతారు, తుమ్మబోయినట్టు మొహం పెడతారు. బతికున్నవాళ్ళ ఫోటోలకు ఈ బాధ లేదు, ఎంత తాకినా బండరాళ్ళలా ఉంటాయి. ఫోను మీదైతే పోయినవాళ్ళు కూడా కదలరు. అది చిన్నది, ఇరుకు. పెద్ద తెర మీదికి వచ్చాకే వాళ్ళకు మసలడానికి చోటు దొరుకుతుంది. కోటు తొడిగితే విదిలించి పారేసే ముసలాయన ఉంటాడు. పాపిట సరిచేయబోతే కొంగు నెత్తిన కప్పుకునే అవ్వ ఉంటుంది. వెనకాల నిలబడ్డ కొడుకులు, "నాయనా, రొంతసేపు మెదలకుండా ఉండు, పటం చెడిపోతాది" అని కసురుతారు. ఆయన వింటే కదా! ఎంతటి మొండివాళ్ళయినా, ఇన్నేండ్లలో వేలు కింద కదలకుండా ఆగినవాళ్ళు ఒక్కరూ లేరు.

శెట్టికి దీంతో పేచీ ఏమీ లేదు, వసారాలో జనం గుమిగూడతారనే తప్ప. "సచ్చినోళ్ళను సూడను వచ్చేది సరేనప్పా, పోతా పోతా ఒక పెన్నన్నా కొనుక్కోండి" అంటాడు.

ఇన్ని మొహాలు తాకిన ప్రసూన ఒక్క ఫోటోను మాత్రం ఆ తెర మీదికి రానివ్వలేదు. అది ఆమె మొగుడు వెంకటేశులుది. చేనిలో మూడో బోరు కూడా ఎండిపోయి, శెనక్కాయ చెట్టు ఊడ దిగి కాయ పట్టకముందే మాడిపోయిన ఏడు, అతను బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు. తర్వాత ఆ నంబరు పలకలేదు. నాలుగేండ్లు దాటింది. మేస్త్రీని అడిగితే ఎప్పుడో పని మానుకుని పోయినాడన్నాడు. ఊరు మాత్రం, అక్కడ ఇంకొకతెను పెట్టుకున్నాడని తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పడానికి ఊరికి సాక్షులెందుకు?

వేలు ఆనిస్తే తేలిపోయే సంగతే. అందుకే ప్రసూన ఆనించలేదు. కదిలితే పోయినట్టు. కదలకపోతే బతికుండి తనను వదిలేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముగ్గు వేస్తూ వేస్తూ ఒక్కోసారి, కదిలితేనే బాగుండును, వదిలేశాడన్న మాట తప్పుతుంది కదా అనిపించేది. అనిపించిన మరుక్షణం తన నోట్లో తానే మన్ను పోసుకోవాలనిపించేది. ఏ పెళ్ళామైనా మొగుడు పోయి ఉండాలని కోరుకుంటుందా?

అత్త ఓబమ్మ కూడా ఏనాడూ ఆ ఫోటో సంగతి ఎత్తలేదు. ఆమె భయం ఆమెది. తల్లికి కొడుకు కదలకుండా ఉంటే చాలు, ఏ ఊళ్ళో ఉన్నా, ఎవతెతో ఉన్నా. మగదిక్కు లేని ఇంట్లో అత్తాకోడళ్ళు తల్లీబిడ్డల్లా బతుకుతున్నారు. ఆ ఒక్క సంగతిలో మాత్రం ఒకరికి కావలసింది ఇంకొకరికి ప్రాణాంతకం. అందుకని ఇద్దరూ నోరు కట్టుకున్నారు.

వాళ్ళ పల్లెకూ కళ్యాణదుర్గానికీ మధ్య షేర్ ఆటో తోలే మారెప్పకు పెళ్ళాం పోయింది. ప్రసూన ఎక్కే వేళకు ఒక సీటు తుడిచి ఖాళీగా ఉంచుతాడు. అంతకు మించి ఎప్పుడూ ఏమీ చేయలేదు, అనలేదు. ఆ తుడిచిన సీటు చూసినప్పుడల్లా ప్రసూనకు సంతోషంగా ఉంటుంది. వెంటనే, ఎవరి పెళ్ళాన్ని నేను అని గుర్తొచ్చి దిగులు పడుతుంది.

ఒకనాడు మారెప్ప నేరుగా ఓబమ్మ దగ్గరికి పోయి గడప బయటే నిలబడ్డాడు. "అమ్మా, ఒప్పుకుంటే ప్రసూనమ్మను మారుమనువు చేసుకుంటా. నిన్ను ఇడిసిపెట్టి రమ్మని అడగను. నువ్వు గూడా మాతోనే" అన్నాడు.

ఓబమ్మ తిట్టలేదు, తలుపు వేయలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం అదే ఆటోలో ముందు సీట్లో కూర్చుని బస్టాండు దగ్గర దిగి, నేరుగా వసారా ఎక్కింది.

"మే ప్రసూనా, వాన్ని పెట్టు" అంది.

ప్రసూన ఫోను బోర్లా పెట్టింది.

"చార్జింగు లేదత్తా."

"ఎక్కించు, కూకుంటా."

"వైరు గూడా సరిగ్గా లేదు. బొమ్మ వచ్చేది, పోయేది."

"వచ్చేదాకా కూకుంటా అంటి కదా. ఆ మారెప్ప నన్నడిగినాడు. నేను ఏమని జెప్పల్ల? నా కొడుకు ఉండాడో లేదో నాకే తెలీకపోతే నీ సంగతి నేనెట్ల తెంచేది?"

శెట్టి ఆ మాటలు విన్నాడు. పటం కోసం వచ్చిన ఇద్దరిని "రేపు రాండప్పా" అని పంపేసి, జిరాక్సు మిషన్ వెనక్కి పోయి కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

ప్రసూన ఫోనులో అడుగున దాచిన ఫోటో తీసింది. పోయే ముందు పని కార్డు కోసం దిగింది, మెడ దాకా గుండీలు పెట్టుకున్న నీలి చొక్కా. ఓబమ్మ లేచింది. "ఉండు, మొగం కడుక్కోనొస్తా. ఇన్నేండ్లకు కన్నకొడుకును సూస్తా, ఈ దుమ్ము మొగంతోనా?" అంటూ వసారా చివర నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచింది.

వెంకటేశులు తెర నిండా ఉన్నాడు. ప్రసూనకు అత్త కంటే ముందు తనకే తెలియాలనిపించింది. ఎందుకో ఆమెకే తెలియదు. చెంప మీద వేలు ఆనించింది.

అతను కళ్ళు దించి ఆమెను చూశాడు. పెదవులు అదిరాయి. తల కొంచెం పక్కకు వంచాడు. జుట్టులోంచి సిమెంటు దుమ్ము రాలి తెర అడుగున సన్నగా పేరుకుంది.

ఎప్పుడు, ఎక్కడ అని అడగడానికి లేదు. పోయినవాళ్ళు కదులుతారే గాని మాట్లాడరు. కానీ ఆ దుమ్ము చాలు. పనిలో ఉండగానే పోయాడు, నంబరు పలకకుండా అయిన నాడే పోయాడు. ఆ కట్టడం దగ్గర ఎవరో అతని సంగతి మింగేశారు. ప్రసూనకు ఏడుపు కంటే ముందు సంతోషం వచ్చింది. సిగ్గుపడాల్సిన సంతోషమే, అయినా వచ్చింది. నన్ను వదిలేయలేదు, నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు అనుకుంది. తర్వాత, ఇన్నేండ్లూ మనసులో అతన్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా వచ్చి గుండెల మీద పడ్డాయి. ఆ బరువుకు ఏడుపు కూడా బయటికి రాలేదు.

ఓబమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చేసింది. ప్రసూన వైరు లాగేయబోయింది. ఓబమ్మ ఆ చేయి పట్టుకుంది.

"ఉండనీ. ముట్టినావా?"

"ఇంకా లేదత్తా."

"వద్దులే, నేను ముడతా. నేను కన్నోడు."

శెనక్కాయలు ఒలిచి ఒలిచి అరిగి, బీటలు వారిన వేలు అది. తెరకు ఆ వేలు తెలియలేదు. ఏమీ కాలేదు. అక్కడితో ఆగిపోయినా బాగుండేదని ప్రసూన అనుకుంది. కానీ ఓబమ్మ తనను తాను మోసం చేసుకునే మనిషి కాదు.

"స్టోరు బియ్యానికి వేలిముద్దర తీసే మిషను గూడా నా వేలు పట్టదు. తడిబట్ట ఇయ్యి" అంది.

ప్రసూన ఇచ్చింది. ఇక ఆపేది లేదు. ఓబమ్మ వేలు తడుపుకుని కొడుకు నుదుటి మీద పెట్టింది. వేలు కింద చిన్న తెల్లని చుక్క వెలిగింది. తెర ఆమెను గుర్తుపట్టింది.

వెంకటేశులు కదల్లేదు.

ఇప్పుడే కళ్ళు దించి చూసినవాడు, ఇప్పుడే తల వంచినవాడు, ఫోటో దిగిన నాడు చూసినట్టే ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు. ఓబమ్మ వేలు నుదురు దిగి, కనుబొమలు దాటి, చెంప మీదికి వచ్చింది. గడ్డం దగ్గర చాలాసేపు ఆగింది. ఆమె మసక కళ్ళకు కనపడలేదు గాని, ప్రసూనకు అన్నీ కనపడ్డాయి. అతని మెడ నరం ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు అంచు దాకా వచ్చి నిలిచాయి. అతను ఒక్క చుక్క కూడా జారనీయలేదు.

"కదల్లే" అంది ఓబమ్మ. "శెట్టీ, కదల్లేదప్పా! బతికే ఉండాడు నా కొడుకు!"

"మంచిమాటమ్మా" అన్నాడు శెట్టి, తల ఎత్తకుండా.

ఓబమ్మ నవ్వింది, రెండు చేతులూ ఎత్తి పైకి దండం పెట్టింది. తర్వాత ఆ మొహం మెల్లగా గట్టిపడింది. మళ్ళీ వేలు తీసుకుపోయి కొడుకు చెంప మీద పొడిచింది.

"ఏమిరా, బతికుండి తల్లిని సూడను రాకపోతివి కదరా! కట్టుకున్నదాన్ని నడిబజార్లో కూకోబెడితివి కదరా! సిగ్గులేదేమిరా నీకు?"

తిట్లన్నీ అతను కదలకుండా పడ్డాడు.

"అత్తా..." అంది ప్రసూన. ఆయనది తప్పు లేదు అని అరవాలనిపించింది. తెర వైపు చూసింది. అతను ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. నోటిదాకా వచ్చిన మాట ఆమె మింగేసింది.

"నువ్వు మాట్లాడాకు" అంది ఓబమ్మ. "వాడు సచ్చినాడని తేలింటే, నా కాడనే ఉండు, వాని పేరు చెప్పుకోని ఇద్దరం ఏడుద్దాము అందును. బతికుండి రానోనికోసం నువ్వెందుకు ఎండిపోవల్ల? మారెప్పకు నేనే చెప్తా. నువ్వు పో తల్లీ. వాడొస్తే నేను జవాబు చెప్పుకుంటా."

ఆ మాట అని ఆమె ఆటో వైపు మెట్లు దిగింది.

తల్లి వీపు తిప్పాక వెంకటేశులు ఊపిరి వదిలాడు. తెరంతా ఆవిరి పట్టింది. మొదట చొక్కా, తర్వాత గడ్డం, చివరికి కళ్ళు ఆ ఆవిరిలో కలిసిపోయాయి. ప్రసూన కొంగుతో గబగబా తుడిచింది. పోలేదు. తడి అద్దానికి అవతలి వైపున ఉంది. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది.

ఓబమ్మ మెట్ల దగ్గరి నుంచి వెనక్కి వచ్చి కోడలి తల మీద చేయి వేసింది. ఆ చేయి ఇంకా తడిగా ఉంది.

"ఇంగ ఎందుకే ఏడుస్తావు? బతికే ఉండాడు కదా?"

"ఔనత్తా" అంది ప్రసూన. "బతికే ఉండాడు."