మల్లన్న చేనులో మందు

మాది గద్వాల. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పడిపోయాక తేనెటీగల పెంపకం పట్టుకున్నాను. నా నలభై పెట్టెలూ వీపనగండ్లలో మల్లన్న పొద్దుతిరుగుడు చేను గట్టున ఉంటాయి. ఈగలు వాలితే గింజ గట్టిపడుతుందని ఆయన సంతోషంగా చోటిచ్చాడు.

ఈసారి తేనెను పరీక్షకు పంపితే రసాయనం ఉందని కాగితం వచ్చింది. మిగతాది చదివే ఓపిక నాకెక్కడిది? నేరుగా చేనుకు పోయి, కూలీలందరి ముందే మల్లన్నను నిలదీశాను.

"మందు కొట్టి నా తేనె కరాబు జేసినవ్ గదనే!"

"పూత మొదలైనంక మందు డబ్బా ముట్టలే బుచ్చయ్యా. నీ ఈగల కోసమే సగం చేను పురుగుకు ఇడిసిపెట్టిన."

నేను వింటేనా! మల్లన్నకు కోపం వచ్చింది.

"రేపటికల్లా నీ డబ్బాలు లేపుకపో" అన్నాడు.

చుట్టుపక్కల ఇంకెక్కడా పూత లేదు. లేపితే ఈగలు ఆకలికి చస్తాయి. అయినా నా పట్టు నాదే. మల్లన్నదే తప్పని రాసిమ్మని అడగడానికి ల్యాబుకు ఫోన్ చేశాను.

"అది చేనులో కొట్టే మందు కాదండీ" అంది పూర్ణిమ అనే అమ్మాయి. "నాఫ్తలీన్. బట్టల మధ్య వేసే తెల్ల గోలీలు."

"డాంబర్ గోలీలా?"

ఎండాకాలం ఖాళీ తేనెపట్లకు పురుగు పడుతుందని, వాటిని ట్రంకు పెట్టెలో సర్ది, పట్టుచీరలకు వేసినట్టే గుప్పెడు గోలీలు వేసింది నేనే. మూడు తరాల నేతింటి తెలివి! ఆ పట్లనే తిరిగి ఈగల పెట్టెల్లో పెడితే, మైనం పీల్చుకున్న మందును తేనెకు పంచిపెట్టింది.

"ఆ పట్లన్నీ తీసెయ్యండి. ఈగలు కొత్తవి కట్టుకుంటాయి" అంది పూర్ణిమ, నవ్వు ఆపుకుంటూ.

నా భార్య లక్ష్మీదేవమ్మ మాత్రం ఆపుకోలేదు. కడుపారా నవ్వి, "పోయి మల్లన్న కాళ్లు పట్టుకో" అని తోలింది.

నిరుటి తేనె సీసా ఒకటి పట్టుకుని పోయి, మల్లన్నను చాటుకు పిలిచాను. ఆయన రాలేదు.

"నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే తీస్కో."

తీసుకున్నాను. గోలీల సంగతంతా కూలీల ముందే చెప్పుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"డబ్బాలు ఉండనీ. ఈగలేం పాపం జేసినయ్?" అన్నాడు మల్లన్న.

ప్రాణం లేచి వచ్చింది. తేనె సీసా చేతిలో పెట్టబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిరుడు గూడ గోలీలు ఏసినవా?"

సీసాను కండువా చాటుకు లాక్కున్నాను.

"అయితే ఇంటికి తీస్కపో బుచ్చయ్యా. మందు కొట్టిన తేనె మేం తినం."