బెత్తెడు మడత

సొంత ఇంట్లోకి వచ్చిన మర్నాడు జనరల్ గారు చేసిన పని తలుచుకుని ఆయన భార్య ఇప్పటికీ నవ్వుతుంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గదిగదికీ తిరిగి, గోడల మీది బీటల్నీ మరకల్నీ వేలుపెట్టి చూపిస్తూ, "ఏమోయ్, ఇది మనం రాకముందు నుంచే ఉంది, గుర్తుపెట్టుకో" అన్నారు. స్నానాలగదిలో కారుతున్న కుళాయి దగ్గర కూడా అదే మాట.

"గుర్తుపెట్టుకుని ఎవరికి చెప్పమంటారు?" అంది ఆవిడ.

"అదే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు..." అని ఆయన సగంలో ఆగిపోయారు.

ఆవిడ పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు గాని, కాస్త ఆలస్యంగా. పాపం, ఆయన తప్పేముంది? ఉద్యోగంలో చేరింది మొదలు ఉన్నవన్నీ సర్కారు ఇళ్ళే. వెళ్ళిపోయే రోజున ఓ గుమాస్తా వచ్చి, గోడకి మేకు కనబడితే చాలు, కొంపలు మునిగినట్టు మొహం పెట్టేవాడు. యుద్ధం చేసొచ్చిన మనిషి కూడా ఆ గుమాస్తా ముందు నీళ్ళు నమలాల్సిందే.

మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు అది. సామానంతా రెండు రోజుల్లో సర్దేశారు. ఒక్క కిటికీలు మాత్రం బోసిగా ఉండిపోయాయి. ఆవిడ బజారుకెళ్ళి లేత నీలం గుడ్డ కొని తెచ్చి, కుట్టు మిషన్ ముందు కూర్చుంది. పాత కర్టెన్లు నల్ల ఇనప్పెట్టెలోంచి బయటికి తీయనేలేదు.

ఆ పాత కర్టెన్ల సంగతి చెప్పకపోతే జనరల్ గారి ఉద్యోగం సంగతి సగమే చెప్పినట్టవుతుంది.

పెళ్ళయిన కొత్తలో ఆయన కెప్టెన్. రెండు గదుల క్వార్టర్స్, రెండు చిన్న కిటికీలు. ఆవిడ పసుపు రంగు గుడ్డ తెచ్చి కర్టెన్లు కుట్టింది. కుట్టేటప్పుడు కింద బెత్తెడు గుడ్డ లోపలికి మడిచి, ఊడదీయడానికి వీలుగా వదులు కుట్టు వేసింది. అది చూసి ఆయన ఆటపట్టించారు.

"అంత గుడ్డ దాచిపెడుతున్నావేం? చిన్నపిల్లల గౌనా, ఎదిగితే మడత విప్పడానికి?"

"పక్కింటావిడ చెప్పిందండీ. వచ్చే ఇంటి కిటికీలు ఎంత పొడుగుంటాయో ఎవరికి తెలుసు?"

"ఎప్పుడో ఒకప్పుడు మనకీ సొంతిల్లు ఉంటుందిలే. దాని కిటికీలకి అంగుళం కూడా మిగల్చకుండా కుట్టుకుందువుగాని."

కొత్త పెళ్ళికొడుకు నోటికొచ్చిన మాట అది. ఆయన ఆ పూటే మర్చిపోయారు. ఆవిడ మర్చిపోలేదు.

పిల్లి పిల్లల్ని మార్చినట్టు ఇళ్ళు మారారు. మేజర్ అయ్యేసరికి మడత విప్పినా కర్టెన్ చాలలేదు. ఆవిడ ఎర్ర దుప్పటి చించి కింద అతికింది. కొండల మీది పోస్టింగులో సందుల్లోంచి గాలి కోసేస్తుంటే పాత కంబళి ముక్క చేరింది. బ్రిగేడియర్ బంగళాలో కిటికీలు మనిషెత్తు ఉండేవి, అక్కడ ఆకుపచ్చ గుడ్డ. ఆయన భుజం మీద నక్షత్రాలు పెరిగినప్పుడల్లా ఇంట్లో కర్టెన్లకి ఒక అతుకు పెరిగింది. చివరికి జనరల్ బంగళాలో సర్కారు వాళ్ళే మఖమల్ కర్టెన్లు వేలాడదీసిపెట్టినా, ఆవిడ మాత్రం వెనక పడగ్గదిలో తన అతుకుల కర్టెన్లే కట్టుకుంది. పెద్ద పెద్ద అతిథులెవరూ ఆ గది చూడలేదు. ఆయనకు మాత్రం ఆ గదిలోనే నిద్ర పట్టేది.

అందుకు కారణం ఉంది. మేజర్‌గా ఉన్న రోజుల్లో ఆయన ఏడాదికి పైగా సరిహద్దులో ఉన్నారు. ఈలోగా క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారని, ఆవిడ చంటిపిల్లను చంకనేసుకుని ఒక్కతే ఊరు మారింది. భుజానికి గాయమై ఆయన ఆస్పత్రి నుంచి నేరుగా ఆ కొత్త ఊరికి బయల్దేరారు. ఇంటి నంబరు రాసుకున్న కాగితం ఆస్పత్రిలో విప్పేసిన చొక్కాతో పాటే పోయింది. సాయంత్రం ట్రక్కు ఆయన్ని వీధి మొదట్లో దింపి వెళ్ళిపోయింది. చూస్తే వరసగా అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు. అదే సున్నం, అదే గేటు, అదే మెట్టు. అలాంటి వీధిలోనే ఓ మేజర్ పొరపాటున పక్కింట్లో దూరి, బూట్లు విప్పి, టీ తాగేశాక గాని టీ ఇచ్చినావిడ తన భార్య కాదని గమనించలేదట. ఆ కథ పటాలమంతా చెప్పుకుని నవ్వేది. ఆ సాయంత్రం ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. కట్టు కట్టిన భుజంతో ఒక్కో ఇల్లూ చూసుకుంటూ నడిచారు. ఏ తలుపు తట్టాలో తెలియక ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు ఒక కిటికీలో పసుపు రంగు, కింద ఎర్ర దుప్పటి అతుకు కనిపించాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఎన్ని పతకాలు గుండెల మీద గుచ్చినా అంత సంతోషం ఆయనకు మళ్ళీ కలగలేదు.

ఇంత తెలిసిన మనిషి మాట మాత్రం నిలబెట్టుకోలేదు. కల్నల్‌గా ఉన్నప్పుడు రిటైరై సొంతిల్లు చూసుకుందామన్నారు. "ఈ ఒక్క పోస్టింగే" అంటూ బ్రిగేడియర్ అయ్యారు. "ఈ ఒక్కటీ అయిపోనీ" అంటూ జనరల్ అయ్యారు. కూతురు పెద్దదై, తండ్రిని ఎగతాళి చేయడానికి "నాన్నగారి ఈ ఒక్కటీ" అని పేరే పెట్టింది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా నోరు మెదపకుండా, ప్రతిసారీ ఆ నల్ల పెట్టె దించి కర్టెన్లు మడతపెట్టేది.

చివరికి రిటైరైన రోజున ఆయన కారుకి తాళ్ళు కట్టి, ఆఫీసర్లంతా రెండు వైపులా నిలబడి గేటు దాకా చేతులతో లాగి సాగనంపారు. పటాలంలో అదో ఆనవాయితీ. బ్యాండు మోగుతుంటే ఆయన మొహం బిగబట్టుకుని సెల్యూట్లు అందుకున్నారు. పక్కన కూర్చున్న ఆవిడ వెనక్కి తిరిగి, బంగళా వెనక పడగ్గది బోసి కిటికీని చూస్తూ ఉండిపోయింది.

ఆ బ్యాండు ఇంకా చెవుల్లో ఉండగానే, కొత్తింట్లో రెండో వారంలో ఫోన్ మోగింది. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన శిష్యుడు. ఇప్పుడు తనూ జనరలే.

"సర్, మిలిటరీ కాలేజీకి అధిపతిగా మిమ్మల్నే అనుకుంటున్నాం. మూడేళ్ళే. కొండ మీద బంగళా, జెండా కారు, అన్నీ మామూలే. మేడంగారికి కూడా తోటంటే ఇష్టం కదా. సాయంత్రంలోగా ఊ అనండి చాలు."

జనరల్ గారి వెన్ను దానంతటదే నిటారైంది. పొద్దున్నే పరేడ్ మైదానంలో మంచు, బూట్ల చప్పుడు, తనని చూడగానే సర్దుకునే కుర్ర మొహాలు కళ్ళ ముందు తిరిగాయి. ఇక్కడ లిఫ్ట్‌లో పక్కవాళ్ళు "ఏ ఫ్లోర్ అంకుల్?" అని అడుగుతున్నారు. వెళ్ళాలని ఆయనకు నిజంగానే ఉంది. ఎంతగా ఉందంటే, ఫోన్ పెట్టేశాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయారు.

అవతలి గదిలో మిషన్ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మంచం కింద నుంచి ఇనప్పెట్టె లాగుతున్న గరగర వినిపించింది. ఆయన లేచి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ పెట్టె మీద దుమ్ము తుడుస్తోంది. మిషన్ మీద నీలం కర్టెన్ ఉంది. దాని కింద అంచులో బెత్తెడు మడత, వదులు కుట్టు.

"సొంతింట్లో కూడా మడతేమిటోయ్?"

"అలవాటు."

"కోపమొచ్చిందా?"

ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. "కోపం కాదండీ. కోపమైతే ఎప్పుడో అరిచేసి ఊరుకునేదాన్ని. నాకు నమ్మకం లేదంతే. ఎక్కడికంటే అక్కడికి వచ్చాను, ఇప్పుడూ వస్తాను. కానీ ఇదే మన ఇల్లు అని మాత్రం ఇంకోసారి నాకు చెప్పకండి. ఆ ఆశ తట్టుకోలేను."

ఆయన అక్కడే నిలబడి శిష్యుడికి ఫోన్ చేశారు. "కుదరదు నాయనా. ఇంకెవరినైనా చూసుకోండి" అన్నారు. పెట్టేశాక ఆవిడ వైపు చూశారు.

"రేపు మళ్ళీ చేస్తారు వాళ్ళు," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "మీరు మళ్ళీ ఆలోచనలో పడతారు. చూద్దాం లెండి."

మాటల మీద ఆవిడకు గురి పోయింది. అది ఆయన చేతులారా పోగొట్టుకున్నదే. జనరల్ గారు గదిలోకి వచ్చి, మిషన్ పక్కనున్న కత్తెర తీసుకున్నారు. ఎందుకని ఆవిడ అడిగేలోపే కర్టెన్ లాగి పట్టుకుని, మడత వెంబడి కచకచా కత్తిరించేశారు. ప్రారంభోత్సవాల్లో రిబ్బన్లు తప్ప ఏనాడూ ఏదీ కత్తిరించని చెయ్యి అది. కత్తెర ఒకచోట మడత దాటి పైకి ఎగబాకింది. గుడ్డ ఆయన కాళ్ళ మీద పడింది.

"అయ్యో! ఏం పని చేశారండీ!" ఆవిడ కర్టెన్ తీసుకుపోయి కిటికీకి అడ్డం పెట్టి చూసింది. వంకర సరిచేస్తే జానెడు పొట్టి. "దేనికీ పనికి రాకుండా చేశారు. ఇక ఏ ఇంటికీ సరిపోదిది."

"ఈ ఇంటికి?"

ఆవిడ ఆ గుడ్డని తెచ్చి మిషన్ మీద పరిచింది. తర్వాత పెట్టె తెరిచి, అతుకుల కర్టెన్లు అడుగునుంచి పైకి తీసి, ఎన్నో ఉతుకులకి వెలిసిన పసుపు గుడ్డలోంచి ఒక పట్టీ చింపింది. దాన్ని నీలం కర్టెన్ కింద, కిటికీకి సరిగ్గా సరిపోయేలా, గట్టి కుట్టుతో కుట్టేసింది. కుడుతూ, "రిబ్బన్లు కత్తిరించడం వేరు, గుడ్డలు కత్తిరించడం వేరు" అని సణుగుతూనే ఉంది. ఆయన ఎదురుగా కూర్చుని దారపు కండె అందించారు.

మర్నాడు ఉదయం జనరల్ గారు వాకింగ్ నుంచి తిరిగొచ్చి, తమ మేడ ఏదో తెలియక ఎప్పటిలాగే తికమకపడ్డారు. కాలనీలో మేడలన్నీ ఒకేలా ఉంటాయి. రెండు వారాలుగా ఆయన గేటు దగ్గర ఎవరో ఒకరిని అడుగుతూనే ఉన్నారు. ఈసారి తలెత్తి చూశారు. మూడో అంతస్తులో నీలం కర్టెన్, కింద పసుపు అంచు. భుజం మీది పాత గాయాన్ని ఆయన చెయ్యి దానంతటదే తడుముకుంది.

గేటు పక్క గదిలో వాచ్‌మన్ కొత్తగా వచ్చిన ఇనప్పెట్టెలో తన బట్టలు సర్దుకుంటున్నాడు. నల్ల పెట్టె. మూత మీద తెల్ల రంగుతో జనరల్ గారి పేరు, ఒకదాని మీద ఒకటి దిద్దిన హోదాలు.

"ఇదెక్కడిదయ్యా?" అన్నారు జనరల్ గారు.

వాచ్‌మన్ కంగారుగా లేచి నిలబడ్డాడు. "అమ్మగారే ఇచ్చారండి, ఇందాక. ఇక మాకు అక్కర్లేదు, నువ్వు వాడుకో అన్నారండి."