మైరోస్ పొట్టకు ఉన్నిపట్టీ

మా నూర్‌ఫ్యోర్డ్ గుర్రాలు లావెక్కడానికి గడ్డి తిననక్కర్లేదు, వాసన చాలు. మా తాత గుర్రం గోడకు తగిలించిన పచ్చికబయలు బొమ్మను చూసి చూసి వాకిలి పట్టనంత అయిందట. చివరికి బొమ్మను గోడవైపు తిప్పి పెడితేగాని బయటికి రాలేదట. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

మా బావ తోర్గిల్స్ గుర్రం మైరోస్ ఆ జాతిదే. ఆ వసంతంలో అది లేత గడ్డి మీద పడి ఆబగా మేసింది. మర్నాటికి ముందుకాళ్లు నిప్పుల మీద మోపుతున్నట్టు ఎత్తెత్తి వేయసాగింది. ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపుపాయ, దాని అవతలి ఒడ్డు నుంచి పడవ ఎక్కి పశువుల డాక్టరమ్మ హెర్దిస్ వచ్చింది. గిట్టలు పట్టి చూసింది. వేడిగా ఉన్నాయి.

"కొవ్వు పట్టింది, అందుకే కాళ్లకొచ్చింది. పచ్చిగడ్డి బంద్. ఎండుగడ్డి కూడా నీళ్లలో నానబెట్టి, తీపి పోయాకే వెయ్యి. పొట్ట బెత్తెడు తగ్గేదాకా దీని మీద మనిషి ఎక్కకూడదు," అంది.

బావ ముఖం పాలిపోయింది. నడివేసవి పండక్కి మనవరాలు సున్నివా పెళ్లి. ఆ ఇంటి పెళ్లికూతుళ్లందరూ గుర్రమెక్కే చర్చికి వెళ్లారు. మా అక్క ఇంగ్యెర్డ్ కూడా అలాగే వెళ్లింది. మైరోస్ పుట్టిన రోజే సున్నివా, "నా పెళ్లికి దీని మీదే వెళ్తా తాతా," అని మాట తీసుకుంది.

"సున్నివా కారులో దిగితే నేను చర్చి గడప తొక్కను," అన్నాడు బావ.

అక్క నేసిన ఉన్నిపట్టీ ఒకటి ఇంట్లో ఉంది. డాక్టరమ్మ ఎదుటే దాన్ని మైరోస్ పొట్ట చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిసేలా కత్తిరించాడు. ఒక కొస మీద ఇంకో కొస బెత్తెడు ఎక్కిన రోజు పెళ్లి సవారీ ఖాయమన్నమాట. ప్రతి ఆదివారం కాఫీ తాగాక కొలత. కొలిచాక పట్టీ వంటింట్లో పొయ్యి పైనున్న కొక్కేనికి.

మొదటి ఆదివారం కొసలు కలవలేదు. మధ్యలో వేలు పట్టేంత సందు.

"లావెక్కిందిరా!" అన్నాడు బావ, నావైపు అనుమానంగా చూస్తూ. "రొట్టె పెట్టావు కదూ?"

"నా రొట్టె నాకే చాలట్లేదు బావా."

గడ్డి ఇంకా తగ్గించాడు. మళ్లీ ఆదివారానికి సందు ఇంకా పెరిగింది. దాంతో ఆయన పట్టీని మెడలో వేసుకుని ఊరి మీద పడ్డాడు. పక్కింటి ఔస్లౌగ్ గుమ్మంలో నిలబడి, "ఆలుగడ్డ రొట్టెలు పెడుతున్నది నువ్వే!" అన్నాడు.

"నీ గుర్రానికి పెట్టే రొట్టె ఉంటే నా మొగుడికి పెట్టుకుంటా. ఆ పలుపు మెడలోంచి తియ్, కట్టేయాల్సింది ఎవర్నో తెలియకుండా ఉంది!" అంది ఆవిడ.

అయినా ఊరుకోలేదు. కంచె పక్కన పీపా బోర్లించి, దాని మీద గొడుగేసుకుని కాపలా కూర్చున్నాడు. మా వానల సంగతి చెప్పాలా? చేపలు ఒడ్డెక్కి దారి అడుగుతాయి. ఆ వానలో మనిషి నానాడు, గడ్డి నానింది. పట్టీ మాత్రం మళ్లీ కలవలేదు. బావ తిండి కూడా మానేశాడు. "అది పస్తుంటే నాకెలా దిగుతుంది?" అన్నాడు. అక్క పెట్టిన చేపల పులుసు నేనే తిన్నాను, పారెయ్యలేక.

పెళ్లి దగ్గరపడింది. సున్నివా జీను అమర్చి చూద్దామని వచ్చింది. బిగింపు పట్టెడను చివరి బెజ్జం దాకా లాగినా జీను పక్కకు జారిపోయింది.

"తాతా, ఇది చిక్కిపోయింది!"

"తోలు సాగిందే అమ్మాయ్. ఉన్నిపట్టీ అబద్ధం చెప్పదు."

"పక్కటెముకలు కనిపిస్తున్నాయి తాతా!"

"అవి కొవ్వు మడతలు."

ఇక లాభం లేదని నేనే హెర్దిస్‌కు కబురంపాను. ఆమె మైరోస్‌ను చూస్తూనే కేకలేసింది. "దీన్ని ఎవరు మాడుస్తున్నారు? కొవ్వు తగ్గించమన్నాను గానీ ఎముకకు కోటు తగిలించుకునేలా చెయ్యమన్నానా?"

బావ గర్వంగా పట్టీ తెచ్చి కొలిచాడు. కొసల మధ్య ఇప్పుడు జానెడు సందు. హెర్దిస్ పట్టీని వేళ్ల మధ్య నలిపి చూసింది. నేసినప్పటి మెత్తదనం లేదు, కంబళిలా దళసరిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన.

"ఇంగ్యెర్డ్, దీన్ని ఉతుకుతున్నావా?"

"ఉతక్క?" అంది అక్క, నడుం మీద చేతులు పెట్టుకుని. "గుర్రం చెమట కంపు వంటింట్లో వేలాడదీస్తే ఊరుకుంటానా? శనివారం శనివారం మేజోళ్లతో కలిపి ఉడకబెడుతున్నా."

ఉన్నిని ఉడకబెడితే కుంచించుకుపోతుందని మా ఊళ్లో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. మైరోస్ దీర్ఘంగా నిట్టూర్చింది.

"మరి నా మేజోళ్లు బిగుసుకుపోతే, నీ కాళ్లు వాచాయన్నావేమే?" అన్నాడు బావ.

హెర్దిస్ నవ్వాపుకుంటూ గిట్టలు తడిమింది. చల్లగా ఉన్నాయి. నడిపించి చూసింది. అడుగు తిన్నగా పడుతోంది. "చర్చి దాకా మెల్లగా మోస్తుంది. ఎండుగడ్డి కొద్దికొద్దిగా పెంచు. మళ్లీ నీ తెలివి వాడకు," అంది.

పెళ్లి పొద్దున మైరోస్ జూలు నేనే కత్తిరించాను. మధ్యలోని నల్ల వెంట్రుకలు ఇరుపక్కల తెల్లవాటి కంటే వేలెడు ఎత్తులో, నెలవంకలా. తలమీద వెండి కిరీటంతో సున్నివా ఎక్కి కూర్చుంది. పగ్గం పట్టుకుని బావ, ఫిడేలు వాయిస్తూ ఔస్లౌగ్ మొగుడు ముందు నడిచారు. ఔస్లౌగ్ మాత్రం దారంతా బావ వెనకే నడుస్తూ, "రొట్టె కావాలా తోర్గిల్స్?" అని అడుగుతూనే ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

చర్చి తలుపుకు రెండు వైపులా పెళ్లికని లేత ఆకుల బర్చ్ చెట్టు కొమ్మలు కట్టారు. మైరోస్ ఆగింది. వసంతం నుంచి పచ్చటి ఆకు ఎరగని నోరు. పెళ్లికూతురు వీపు మీద ఉండగానే ఎడమవైపు అలంకారమంతా నమలడం మొదలుపెట్టింది. ఫిడేలు ఆగిపోయింది. లోపల పెళ్లికొడుకు మెడ సాచి చూశాడు. పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి దగ్గారు.

"అమ్మా సున్నివా, దిగుతావా? వేళవుతోంది."

"ఆగండి పాస్టరుగారూ. నా కోసం ఇది ఇన్నాళ్లు ఆగింది కదా."

అందరం బావ వైపు చూశాం, కసురుతాడని. ఆయన పగ్గంతోనే తలుపు దగ్గరికి జరిగాడు. మెడ సాచినా దానికి అందని కొమ్మ ఒకటి పైన మిగిలింది. మునివేళ్ల మీద లేచి దాన్ని కిందికి వంచి పట్టుకున్నాడు.

"తినవే తల్లీ," అన్నాడు.